సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (1896 మే 28 - 1953 ఆగష్టు 25) ప్రముఖ పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు, చరిత్రకారుడు, కథకుడు. నిజాం పాలనలోని హైదరాబాదు రాష్ట్రంలో గోలకొండ పత్రికను స్థాపించి, రెండు దశాబ్దాలకు పైగా దానికి సంపాదకత్వం వహించాడు. తెలంగాణాలో కవులు లేరన్న విమర్శకు సమాధానంగా 354 మంది కవుల వివరాలతో, రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. ఇతని ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి గ్రంథం అదే. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు.

కవిత్వం, కథ, నాటకం, చరిత్ర, జీవితచరిత్ర వంటి అనేక ప్రక్రియలలో కృషి చేసినప్పటికీ ప్రతాపరెడ్డి జీవితంలో ప్రధానమైన భాగం సంపాదకత్వానికే చెందుతుంది. ఇతని పరిశోధన, సంఘసంస్కరణ, గ్రంథాలయ సేవ అన్నీ గోలకొండ పత్రికతో ముడిపడి ఉన్నాయి. పత్రికా స్వేచ్ఛ చట్టరీత్యా లేని ఒక సంస్థానంలో, పాలకుల భాష కాని భాషలో పత్రికను నడిపిన సంపాదకుడు ఏమి చేయగలడు, ఏమి చేయలేడు అన్న ప్రశ్నకు ఇతని జీవితం ఒక ఉదాహరణ.

బాల్యము, విద్యాభ్యాసము

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లి గ్రామంలో జన్మించాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామం అలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. ఈ గ్రామాలు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి, 2016 పునర్వ్యవస్థీకరణ తరువాత జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలోకి వచ్చాయి. తుంగభద్రకు ఈవలి ఒడ్డు నిజాం రాష్ట్రం, ఆవలి ఒడ్డు బ్రిటిషు పాలనలోని మద్రాసు రాజధానికి చెందిన కర్నూలు. నది దాటితే ప్రభుత్వం మారేది, పాఠశాలలో బోధనాభాష మారేది, పత్రికలకున్న వెసులుబాటు కూడా మారేది. ఈ రెండు ప్రపంచాలనూ బాల్యం నుండే చూసిన అనుభవం ప్రతాపరెడ్డికి తరువాతి కాలంలో ఎంతో ఉపకరించింది.

చిన్నతనంలోనే తండ్రి మరణించగా కర్నూలులోని చిన్నాన్న రామకృష్ణారెడ్డి సంరక్షణలో పెరిగాడు. ప్రాథమిక, ఉన్నత విద్య కర్నూలులో సాగింది. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృత కావ్యాలు చదువుకున్నాడు. ఆ తరువాత హైదరాబాదులోని నిజాం కళాశాలలో ఎఫ్.ఏ., మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పూర్తిచేశాడు. న్యాయశాస్త్రం చదివి బి.ఎల్. పట్టం పొందాడు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్ల భాషలలో మంచి ప్రవేశం సంపాదించాడు. మద్రాసులో ఉన్న కాలంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల పరిచయం కలిగింది. తాళపత్ర గ్రంథాలపై, పాత కావ్యాలలోని దేశీయ పదాలపై ఆసక్తి ఈ పరిచయాలతో బలపడింది. ఆంధ్రప్రాంతంలో వెలువడుతున్న పత్రికలను, స్వాతంత్ర్యోద్యమ ప్రభావాన్ని కూడా అక్కడే దగ్గరగా గమనించాడు.

చదువు ముగిసిన తరువాత కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉన్నాడు. అది ఆదాయం తెచ్చే వృత్తి అయినప్పటికీ అందులో నిలువలేదు.

రెడ్డి వసతిగృహములో

హైదరాబాదు నగరానికి చదువుకొనుటకు వచ్చే గ్రామీణ విద్యార్థులకు ఆ రోజులలో వసతి దొరకడం కష్టంగా ఉండేది. ఈ కొరత తీర్చుటకు 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి వసతిగృహం ఏర్పడింది. వెంకటరామారెడ్డి 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా, అనగా నగర పోలీసు అధిపతిగా పనిచేశాడు. ప్రతాపరెడ్డి ఈ వసతిగృహ నిర్వహణ బాధ్యత స్వీకరించి, కొన్నేళ్ళపాటు దానిని తీర్చిదిద్దాడు. అక్కడి గ్రంథాలయాన్ని స్వయంగా పెంచి, నగరంలోని చెప్పుకోదగిన తెలుగు గ్రంథాలయాలలో ఒకటిగా చేశాడు. విద్యార్థులకు తెలుగు పుస్తకాలు చదివే అలవాటు, వ్యాసాలు వ్రాసే అలవాటు, సభలలో మాట్లాడే అలవాటు నేర్పాడు.

ప్రతాపరెడ్డి పత్రికకు పునాది ఈ వసతిగృహంలోనే పడింది. పత్రికకు మొదట ఆర్థికంగా అండగా నిలచినవారు, చందాదారులుగా చేరినవారు చాలా వరకు ఈ వసతిగృహంతో సంబంధం ఉన్న కుటుంబాలవారే.

నాటి హైదరాబాదు రాష్ట్రములో తెలుగు

ప్రతాపరెడ్డి సంపాదకత్వాన్ని అర్థం చేసికొనుటకు నాటి పరిస్థితులు తెలియడం అవసరం. హైదరాబాదు రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు ఉండేవి. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు. అయితే పరిపాలన, న్యాయస్థానాలు, ఉన్నత విద్య ఉర్దూలో సాగేవి. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. దేశభాషలో విశ్వవిద్యాలయ విద్య నేర్పడం గొప్ప ప్రయోగమే అయినప్పటికీ, ఇంట తెలుగు మాట్లాడే పిల్లవానికి అది పరాయి భాషయే. సభలు జరుపుకోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. గష్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు ఇందుకు ఆధారం. పత్రిక ప్రారంభించుటకు కూడా అనుమతి తప్పనిసరి.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుండే మాడపాటి హనుమంతరావు తదితరుల ప్రయత్నంతో నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి గ్రామం నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను ప్రారంభించారు. ఈ రెండూ వారపత్రికలు, రెండూ అంకితభావంతో నడచినవే. కాని పరిమిత వనరుల మధ్య కొన్నేళ్ళకే ఆగిపోయాయి. రాజధాని నగరంలో గట్టిగా నిలబడగల తెలుగు పత్రిక కావాలన్న అవసరం అప్పటికి స్పష్టమైంది.

గోలకొండ పత్రిక

1926 మే 10న గోలకొండ పత్రిక మొదటి సంచిక వెలువడింది. ఇది వారానికి రెండుసార్లు వచ్చే ద్వైవార పత్రిక. పత్రికకు పెట్టిన పేరు గమనింపదగినది. అది కుతుబ్‌షాహీల రాజధాని పేరు. తెలుగు కవులను ఆదరించిన పాలకుల జ్ఞాపకం, స్థానికతపై అభిమానం రెండూ ఆ పేరులో ఉన్నాయి. అదే సమయంలో ప్రభుత్వానికి అభ్యంతరం కలిగించే పేరు కూడా కాదు.

తొలి దశలో సంపాదకుని పని అంటే వ్యాసాలు వ్రాయడం మాత్రమే కాదు. వార్తలు సేకరించడం, ఉర్దూ, ఆంగ్ల పత్రికల నుండి విషయాలు తెలుగులోకి తేవడం, అచ్చుచిత్తులు దిద్దడం, చందాదారులకు జాబులు వ్రాయడం వరకు చాలా పనులు ప్రతాపరెడ్డి స్వయంగా చేసేవాడని అతని జీవితచరిత్రకారులు తెలిపారు. పత్రికలోని శీర్షికలన్నింటికీ రచయితలు దొరకని రోజులలో వేర్వేరు కలం పేర్లతో తానే వ్రాశాడు. ఒక సంచికలో సంపాదకీయం, వ్యంగ్యరచన, గ్రంథసమీక్ష, చరిత్రవ్యాసం ఒకే చేతి నుండి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

పత్రికలో వచ్చిన విషయాలు స్థూలంగా ఇవి:
* తెలుగు మాధ్యమంలో ప్రాథమిక విద్య, పాఠశాలల కొరత
* గ్రామాలలో వెట్టిచాకిరి, అధికారుల లంచగొండితనం
* గ్రంథాలయాల స్థాపన, వాటికి ఎదురయ్యే ఆటంకాలు
* బాల్యవివాహాలు, వితంతు వివాహాలు, స్త్రీవిద్య
* జిల్లాలలో జరిగే సభల వివరాలు
* శాసనాలు, స్థలచరిత్రలు, తాళపత్ర గ్రంథాలు
* కొత్త కవుల పద్యాలు, కథలు, గ్రంథసమీక్షలు

ఈ పట్టికలో వార్తలకంటే ఇతర విషయాలు ఎక్కువగా కనిపించుటకు కారణం ఉంది. వారానికి రెండుమార్లు వచ్చే పత్రిక తాజా వార్తలలో దినపత్రికలతో పోటీపడలేదు. పాఠకునికి మరెక్కడా దొరకనిది ఇవ్వడమే దాని బలం. తెలంగాణా పల్లెలోని ఉపాధ్యాయుడు లేదా పట్వారీ తన ఊరి గ్రంథాలయం గురించి, తన ఊరి శాసనం గురించి అచ్చులో చూసుకొనుటకు ఇది ఏర్పరచిన అవకాశం మునుపు లేనిది. పత్రికకు వ్రాసి తప్పులు దిద్దించుకొని, మళ్ళీ వ్రాసి రచయితలైనవారు అనేకులు. ఈ విధంగా గోలకొండ పత్రిక ఒక తరం రచయితలకు పాఠశాల వంటిదయింది.

ఈ పత్రిక భాషలో గ్రాంథికపు ఛాయలు ఉన్నా పాండిత్య ప్రదర్శన తక్కువ. తెలంగాణా వాడుకలోని ఉర్దూ మాటలను, పల్లె పలుకుబడులను ప్రతాపరెడ్డి తన రచనలలో నిస్సంకోచంగా వాడాడు. సామెతలు, నానుడులు సేకరించడం అతనికి అభిమానవిషయం.

పోషకులు, సంపాదకుని స్వతంత్రత

గోలకొండ పత్రిక స్థితిలో ఒక చిక్కు ఉండేది. దానికి ఆసరాగా నిలచినవారిలో భూస్వాములు, ప్రభుత్వోద్యోగులు ఉన్నారు. ముఖ్య ప్రోత్సాహకుడైన వెంకటరామారెడ్డి స్వయంగా నగర కొత్వాలు. పత్రిక విమర్శించవలసిన వెట్టిచాకిరి, గ్రామాధికారుల దౌర్జన్యం, పోలీసుల లంచగొండితనం మొదలైన వాటిలో చాలా భాగం ఆ వర్గాలకు సంబంధించినవే. పోషకులను దూరం చేసుకుంటే పత్రిక నిలువదు. వారిని నొప్పింపకుండా ఉంటే పత్రిక ఉండి ప్రయోజనం లేదు.

ప్రతాపరెడ్డి ఈ రెంటి మధ్య ఒక మార్గం అనుసరించాడు. వ్యక్తులపై కాక ఆచారాలపై, విధానాలపై దృష్టి నిలిపాడు. నేరుగా చెప్పరాని చోట హాస్యాన్ని, కథను ఆశ్రయించాడు. మొగలాయి కథలలోని గ్యారా కద్దూ బారా కొత్వాల్ ఇందుకు మంచి ఉదాహరణ. పదకొండు గుమ్మడికాయలకు పన్నెండుమంది కొత్వాళ్ళు అన్న లోకోక్తి ఆధారంగా, సామాన్యుని కష్టార్జితం చిన్నా పెద్దా అధికారుల పాలగుటను ఈ కథ ఎత్తిచూపింది. కొత్వాలు ఆదరణ పొందిన సంపాదకుడే ఇటువంటి కథ వ్రాయడం విశేషం. అదే సమయంలో వెంకటరామారెడ్డి విద్యాసేవపై గౌరవంతో అతని జీవితచరిత్రను కూడా గ్రంథంగా వ్రాశాడు.

ఈ మధ్యేమార్గానికి పరిమితులు కూడా ఉన్నాయి. 1940లలో తెలంగాణా గ్రామాలలో భూమి సమస్య తీవ్రమై, 1944 భువనగిరి సభ నాటికి ఆంధ్ర మహాసభలో వామపక్షీయులది పైచేయి అయినది. మితవాదులు వేరుపడ్డారు. సంస్కరణ ద్వారా, విద్య ద్వారా మార్పు రావాలని నమ్మిన తరానికి చెందిన ప్రతాపరెడ్డి వంటివారి పంథా కొత్త తరానికి చాలదనిపించింది. అయితే ఆ కొత్త తరంలో పలువురు తెలుగు చదవడం, సభలలో మాట్లాడడం అలవరచుకొన్నది గోలకొండ పత్రిక, గ్రంథాలయాలు ఏర్పరచిన వాతావరణంలోనే.

ప్రభుత్వ ఆంక్షలు

పత్రిక వ్రాతలపై ప్రభుత్వానికి అసంతృప్తి కలుగుతూ వచ్చింది. ఒక దశలో సంపాదకీయాలను ముందుగా అధికారులకు చూపి, అనుమతి పొందిన తరువాతనే ప్రచురించాలని ఆంక్ష విధించారు. ఈ పరిస్థితిలో సంపాదకుని ముందు మూడు దారులు ఉంటాయి. పత్రికను మూసివేయడం మొదటిది. అనుమతించిన మేరకు వ్రాయడం రెండవది. ఆంక్షను ధిక్కరించి శిక్షకు సిద్ధపడడం మూడవది.

ప్రతాపరెడ్డి ఈ మూడూ కాని నాలుగవ దారి ఎంచుకున్నాడు. సంపాదకీయం వ్రాయడం మానివేసి, ఆ స్థలంలో ప్రపంచ ప్రసిద్ధులైన మేధావుల సూక్తులను ప్రచురించసాగాడు. స్వేచ్ఛను గురించి, న్యాయాన్ని గురించి గతకాలపు మహనీయులు చెప్పిన మాటలకు స్థానిక అధికారి అనుమతి నిరాకరించడం కష్టం. వాటిని ఆ స్థలంలో ఎందుకు ప్రచురిస్తున్నారో పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. సంపాదకీయం లేకపోవడమే సంపాదకీయమైన సందర్భంగా తెలుగు పత్రికా చరిత్రలో ఇది నిలిచిపోయింది.

హైదరాబాదు రాష్ట్రంలో పత్రికా సంపాదకత్వం ఎంత ప్రమాదకరమైనదో సమకాలికుల అనుభవాలను బట్టి తెలుస్తుంది. మందుముల నరసింగరావు నడిపిన ఉర్దూ పత్రిక రయ్యత్ ప్రభుత్వాగ్రహానికి గురైంది. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్, హైదరాబాదు భారతదేశంలో విలీనం కావాలని వ్రాసినందుకు 1948 ఆగష్టులో దారుణహత్యకు గురయ్యాడు. అటువంటి వాతావరణంలో ఒక తెలుగు పత్రిక రెండు దశాబ్దాలపాటు ఆగకుండా వెలువడడం వెనుక సంపాదకుని ధైర్యం ఎంత ఉన్నదో, జాగ్రత్త కూడా అంతే ఉన్నది.

గోలకొండ కవుల సంచిక

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు ఒక వ్యాసంలో వ్యాఖ్యానించాడు. పూజ్యము అన్న మాటకు గౌరవింపదగినది అనే అర్థంతో పాటు సున్న అనే అర్థం కూడా ఉన్నది. ఇక్కడ ఉద్దేశించినది రెండవ అర్థం. ఈ మాట తెలంగాణా సాహిత్యాభిమానులను తీవ్రంగా నొప్పించింది.

ఖండన వ్యాసం వ్రాసి ఊరుకొనుటకు వీలున్నా ప్రతాపరెడ్డి అలా చేయలేదు. అభిప్రాయానికి అభిప్రాయం కాక ఆధారం సమాధానం కావాలని భావించాడు. జిల్లాలలోని కవుల వివరాలను, వారి రచనలను పత్రిక ద్వారా సేకరించాడు. ఆ విధంగా లభించిన 354 మంది కవుల పద్యాలు, జీవిత వివరాలు కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికగా ప్రచురించాడు. ఇందులో వృద్ధ పండితులు, యువకవులు, కొందరు కవయిత్రులు ఉన్నారు. చాలామందికి అచ్చులో తమ పద్యం చూసుకొనుట అదే మొదటిసారి.

ఈ సంచికలోని కవిత్వమంతా ఒకే స్థాయిలో ఉన్నదని చెప్పలేము. ఎంపికలో నాణ్యతకంటే విస్తృతికి ప్రాధాన్యం ఇచ్చినట్లు కనిపిస్తుంది. కాని దాని ఉద్దేశం ఉత్తమ కవితల సంకలనం కాదు. లేరన్నవారు ఉన్నారని చూపడం దాని ఉద్దేశం, ఆ పనిని అది పూర్తిచేసింది. తరువాతి కాలపు పరిశోధకులకు ఇది విలువైన ఆధారగ్రంథమయింది. ఇందులోని పలువురు కవుల గురించి ఈ సంచికలో తప్ప వేరే చోట వివరాలు దొరకవు.

ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమము

ఆంధ్ర జనసంఘం కృషి విస్తరించి 1930లో ఆంధ్ర మహాసభగా రూపొందింది. మెదకు జిల్లా జోగిపేటలో మార్చి నెలలో జరిగిన మొదటి మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దీనితో పాటు అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. మహాసభ అధ్యక్షునిగా ఒక సంపాదకుని ఎన్నుకోవడం నాటి ప్రజాజీవితంలో పత్రికకు ఉన్న స్థానాన్ని తెలుపుతుంది. రాజకీయ సంస్థలకు అనుమతి లేని రాష్ట్రంలో భాష, విద్య, గ్రంథాలయాల పేరుతోనే ప్రజలు కూడుకోగలిగేవారు. ఒక జిల్లాలో జరిగిన సభ విషయం మరొక జిల్లాకు తెలియజేసిన సాధనం పత్రిక.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనతో మొదలైన తెలంగాణా గ్రంథాలయోద్యమానికి ప్రతాపరెడ్డి గట్టి మద్దతుదారు. గ్రంథాలయ సభలకు అధ్యక్షత వహించడం, గ్రంథాలయాల నిర్వహణపై వ్రాయడం, పుస్తకాలు సేకరించి ఇవ్వడం జీవితాంతం చేశాడు. విజ్ఞానవర్ధినీ పరిషత్తు స్థాపనలో కూడా ఇతని పాత్ర ఉన్నది.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతాపరెడ్డి రచనలలో అగ్రస్థానంలో నిలుస్తుంది. రాజుల వంశావళులు, యుద్ధాలు ప్రధానంగా ఉండే చరిత్ర రచనకు భిన్నంగా, సామాన్య ప్రజల జీవితాన్ని కేంద్రంగా తీసుకున్న గ్రంథమిది. తూర్పు చాళుక్యుల కాలం నుండి 1907 వరకు తెలుగువారి తిండి, బట్ట, నగలు, ఇండ్లు, వృత్తులు, ఆటలు, పండుగలు, నమ్మకాలు, వర్తకం, వినోదాలు ఇందులో వివరించబడ్డాయి.

ఆధారాలను ఎన్నుకొన్న పద్ధతి ఈ గ్రంథంలోని కొత్తదనం. శాసనాలు, విదేశీ యాత్రికుల వ్రాతలతో పాటు తెలుగు కావ్యాలను చరిత్రకు ఆధారంగా తీసుకున్నాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామం, సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైన గ్రంథాలలో కవులు ప్రసక్తవశాత్తు చెప్పిన చిన్న చిన్న వివరాలను ఏరి, వాటి నుండి ఆయా కాలాల జీవనచిత్రాన్ని నిర్మించాడు. అలంకారశాస్త్ర దృష్టితో సాధారణ కావ్యంగా పరిగణించబడేది కూడా ఈ దృష్టితో అమూల్యమవుతుందని నిరూపించాడు. నిఘంటువులలో అర్థం దొరకని పదాలకు పల్లె వాడుక నుండి అర్థాలు సాధించాడు. రెండు దశాబ్దాలుగా పత్రికకు వచ్చే ఉత్తరాలు, వ్యాసాల ద్వారా జిల్లాల పలుకుబడులు తెలిసి ఉండడం ఈ పనికి తోడ్పడింది.

1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొదటిసారి పురస్కారాలు ప్రకటించినప్పుడు తెలుగులో ఈ గ్రంథాన్ని ఎంపిక చేశారు. అప్పటికి గ్రంథకర్త మరణించి రెండేళ్ళయినది.

చివరి సంవత్సరాలు

1947లో గోలకొండ పత్రిక దినపత్రికగా మారింది. ఆ కాలంలోనే ప్రతాపరెడ్డి దాని సంపాదకత్వం నుండి తప్పుకున్నాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో విలీనమైంది. 1951లో ప్రజావాణి అనే పత్రికను ప్రారంభించి నడిపాడు కాని అది ఎక్కువ కాలం సాగలేదు.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థిగా వనపర్తి నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. శాసనసభ్యునిగా ఉండగానే 1953 ఆగష్టు 25న 57 ఏళ్ళ వయసులో మరణించాడు. అతడు మరణించిన మూడేళ్ళకు, 1956 నవంబరు 1న, హైదరాబాదు రాష్ట్రం భాషాప్రాతిపదికపై విభజింపబడింది.

సంపాదకునిగా స్థానము

తెలుగు పత్రికా చరిత్రలో ముట్నూరి కృష్ణారావు, కాశీనాథుని నాగేశ్వరరావు, నార్ల వెంకటేశ్వరరావు వంటి సంపాదకులతో పాటు ప్రతాపరెడ్డి పేరు చెప్పబడుతుంది. అయితే పరిస్థితులలో తేడా ఉన్నది. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రికలకు తెలుగు చదువుకున్న పాఠకులు సిద్ధంగా ఉన్నారు. గోలకొండ పత్రిక తన పాఠకులను తానే తయారుచేసుకోవలసి వచ్చింది. అందువలన ఇతని సంపాదకత్వంలో ఉపాధ్యాయుని లక్షణాలు ఎక్కువ. రచనను తిరస్కరించడం కంటే దిద్ది ప్రచురించడం, వివాదాన్ని పెంచడం కంటే వివరాలు సేకరించడం ఇతని పద్ధతి.

సంపాదకుని రచనలు సాధారణంగా నాటి సంచికతోనే మరుగునపడతాయి. ప్రతాపరెడ్డి సంపాదకీయాలను నేడు చదివేవారు తక్కువ. కాని అతడు ముద్రించిన కవుల పేర్లు, సేకరించిన సామెతలు, ప్రోత్సహించిన గ్రంథాలయాలు, వెలికితీసిన ప్రజల చరిత్ర తెలుగు సాహిత్యంలో శాశ్వతంగా నిలిచాయి.

గుర్తింపు

* 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం (మరణానంతరం).
* హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై 1980లలో ప్రతిష్ఠించిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో ప్రతాపరెడ్డి విగ్రహం ఒకటి. ముట్నూరి కృష్ణారావు విగ్రహం కూడా వాటిలో ఉన్నది.
* హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ 2025లో తెలంగాణ శాసనసభ బిల్లు ఆమోదించింది.

ముఖ్య రచనలు

* ఆంధ్రుల సాంఘిక చరిత్ర
* హిందువుల పండుగలు
* రామాయణ విశేషములు
* హైందవ ధర్మవీరులు
* రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవితచరిత్ర
* గ్రంథాలయోద్యమము
* మొగలాయి కథలు
* ఉచ్చల విషాదము (నాటకం)
* భక్త తుకారాం (నాటకం)
* గోలకొండ కవుల సంచిక (సంపాదకత్వం)